విరగ్గొట్టి చూడని అతుకు

 

వినుకొండ దగ్గర ఒక పల్లె నుండి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు ఇంటర్మీడియట్ తప్పాడట. రెండుసార్లు వ్రాశాడట, రెండుసార్లూ తప్పాడట. ఇప్పుడు ఆ అబ్బాయి మిర్చి కోతల్లో వచ్చిన కూలి డబ్బులు దాచుకొని చిన్న వెల్డింగ్ మిషన్ కొని తెచ్చాడు. ఇంటి వెనుక వేపచెట్టు క్రింద పెట్టుకొని, సెల్‌ఫోనులో చూస్తూ నేర్చుకుంటున్నాడు. తండ్రికి ఇది ఇష్టం లేదు. "మా వాడు ఇనుము కాల్చుకుని బతకాలా అయ్యగారూ, వాడి మనసు మారేటట్టు ప్రార్థన చేయండి" అని ఆ తల్లి వ్రాశారు.

అమ్మా, మీరు వింటున్నారో లేదో నాకు తెలియదు. మీ కుటుంబం కొరకు ప్రార్థన చేశాను. అయితే మీరు అడిగిన ప్రార్థన మాత్రం చేయలేదు. ఎందుకు చేయలేదో ఈ వేళ చెబుతాను. ఆ అబ్బాయిని కూడా రేడియో దగ్గర కూర్చోబెట్టండి. ఎందుకంటే నేను కూడా మూడేళ్ళ క్రితం వేసవిలో, ఈ వయస్సులో, మా ఇంటి వెనుక అదే పని నేర్చుకున్నాను. నేర్చుకుంటూ ఒక పెద్ద తప్పు చేశాను. ఆ సంగతి కూడా ఈ రోజు చెప్పాలి.

మొదట వాక్యం చూద్దాం. నిర్గమకాండము 31వ అధ్యాయం తెరవండి. అరణ్యంలో ప్రత్యక్షపు గుడారం కట్టవలసి వచ్చింది. దేవుడు యూదా గోత్రికుడైన బెసలేలును పేరు పెట్టి పిలిచాడు. తన ఆత్మతో అతన్ని నింపానని మోషేతో చెప్పాడు. దేనికి నింపాడు? ప్రసంగం చేయడానికా? కాదు. బంగారం, వెండి, ఇత్తడితో పని చేయడానికి, రాళ్ళు చెక్కడానికి, కర్ర కోయడానికి. దానికి ముందు 28వ అధ్యాయంలో కూడా జ్ఞానాత్మతో నింపబడినవారు ఎవరు? బట్టలు కుట్టేవారు. గమనించండి, ప్రియులారా! ఆ మాట మొదట యాజకునికి దక్కలేదు, చేతిపనివారికి దక్కింది. ఇంకొక సంగతి 35వ అధ్యాయం చివర ఉంది. బెసలేలుకు పని మాత్రమే కాదు, ఇతరులకు నేర్పే మనస్సు కూడా దేవుడిచ్చాడు. పని వచ్చినవారు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. నేర్పే మనస్సున్నవారు అంతమంది లేరు. దానికి మళ్ళీ వస్తాను.

అలాగే 1 సమూయేలు 13వ అధ్యాయం. ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరి లేడు. ఫిలిష్తీయులు లేకుండా చేశారు. నాగలి నక్కు వాడి చేయించుకోవాలన్నా, గొడ్డలి పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే పోవాలి. ఇది మన పల్నాడు రైతుకు చెప్పనక్కర లేదు. వాన పడుతుంది, నేల పదును మీద ఉంటుంది, ప్రత్తి విత్తనం పెట్టాలి. సరిగ్గా అప్పుడే గొర్రు విరుగుతుంది. దాన్ని ట్రాక్టరు మీద వేసుకొని వినుకొండ వెళ్తే, వెల్డింగ్ షాపు ముందు అప్పటికే పది గొర్రులు, మూడు ట్రక్కులు వరుసలో ఉంటాయి. ఈ రోజు కాదు రేపు రమ్మంటారు. రేపటికి నేల ఆరిపోతుంది. పదును పోతే అదును పోతుంది. ఊళ్ళో ఒక్క కుర్రవాడికి ఆ పని వచ్చివుంటే ఆ రైతుకు ఒక రోజు మిగిలేది. తల్లీ, మీ అబ్బాయి వేపచెట్టు క్రింద చేస్తున్న పనిని ఈ కళ్ళతో కూడా ఒకసారి చూడండి.

చేతిపని మన సంఘాల చరిత్రకు కొత్త కాదు. ఒంగోలులో సేవ చేసిన జాన్ క్లౌ దొరగారి పేరు వినని తెలుగు బాప్టిస్టు లేడు. మిషనరీ కాకముందు ఆయన సర్వే పని నేర్చుకున్న మనిషి. 1876-78 కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకం పని కాంట్రాక్టు తీసుకొని, వేలమందికి కూలి ఇప్పించాడు. గొలుసు పట్టి నేల కొలవడం తెలిసిన చేతులు గనుకనే ఆ పని ఒప్పుకోగలిగాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి అందరూ చెబుతారు. కాలువ పని సంగతి తక్కువమంది చెబుతారు. ఆ తరువాత 1883లో మన వినుకొండ ప్రత్యేక మిషన్ స్టేషను అయింది.

ఇంకొక మాట. మన పెద్దల కాలంలో ఇనుము పని ఒక కులం ఇంటి పని. ఇతరులు సుత్తి ముట్టుకునే వీలు లేదు. మన వినుకొండలోనే 1895లో పుట్టిన గుర్రం జాషువా గారికి బడిలో ఎదురైన అవమానాలు మనకు తెలుసు. అటువంటి ఊరిలో ఈ రోజు వెల్డింగ్ షాపు ముందు నిలబడినవాణ్ణి, అతుకు గట్టిగా ఉందా అని అడుగుతారు గాని, నువ్వు ఎవరి పిల్లవాడివి అని అడగరు. తండ్రిగారూ, కాస్త ఆలోచించండి.

సరే. ఇప్పుడు అబ్బాయితో మాట్లాడతాను. బాబూ, నువ్వు ఫోనులో చూసి నేర్చుకుంటున్నావు. మంచిదే. కాని ఫోను నీ ప్రక్కన నిలబడి "ఆపు" అని అనదు. ఆ మాట అనే మనిషి కావాలి.

మొదట కరెంటు. ఈ కొత్త ఇన్వర్టర్ మిషన్లు చిన్నవి, బియ్యం సంచి మోసినంత కష్టం కూడా ఉండదు, ఒక చేత్తో ఎత్తవచ్చు. చిన్నది కదా అని బల్బు ప్లగ్గులో పెట్టకు. అది సన్నని రాడ్డుతో పని చేసినప్పుడు కూడా ఇస్త్రీపెట్టె కంటె రెండు మూడింతలు కరెంటు లాగుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన లావు వైరు, ఎం.సి.బి., సరియైన ఎర్త్ ఉండాలి. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టగా చుట్టి పెట్టి వాడితే అది లోపల ఉడికిపోతుంది. కొందరు స్తంభానికి కొక్కేలు వేసి పని చేస్తారు. అది దొంగతనం, ప్రాణాంతకం కూడా. నేను ఈ మాట ప్రసంగపీఠం మీద నుండి చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు.

తడి నేల మీద నిలబడకు. చెమటతో తడిసిన చేతితోడులతో రాడ్డు మార్చకు. రాడ్డు పట్టుకునే హోల్డర్‌లో మండనప్పుడు 50 నుండి 80 వోల్టుల దాకా ఉంటుంది. పొడి చేతికి అది తెలియకపోవచ్చు, తడి చేతికి తెలుస్తుంది.

తరువాత కళ్ళు. ఆ వెలుగు వంక వట్టి కళ్ళతో చూడకూడదని అందరికీ తెలుసు, అందరూ చూస్తారు. నేనూ చూశాను. మొదటి వారంలో రాడ్డు ఎక్కడ ఆనించాలో కనబడక, ముసుగు ఎత్తి పట్టుకొని, తగిలించి, అప్పుడు దించేవాణ్ణి. పగలంతా ఏమీ తెలియలేదు. రాత్రి పదకొండు గంటలకు కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టు మంట. లైటు చూడలేను, కన్ను మూయలేను. మా ఇంట్లో ఆవిడ ఆముదం వేద్దామంది, ప్రక్కింటివారు బంగాళాదుంప ముక్కలు పెట్టమన్నారు. ఇవేవీ వద్దు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గాని, పదే పదే జరిగితే కళ్ళు పాడవుతాయి. ముసుగులో అద్దం 10 లేక 11 నంబరు షేడు ఉండాలి. నల్లగా ఉన్న ఏ కళ్ళజోడైనా చాలుననుకోవద్దు. నీ చుట్టూ చేరే చిన్న పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. వాళ్ళకు అది దీపావళి. వాళ్ళకు కనబడకుండా ఒక రేకు అడ్డం పెట్టు.

చర్మం కూడా ఎండకు కమిలినట్టు కమిలిపోతుంది. పూర్తి చేతుల చొక్కా, నూలుది. మన నల్లరేగడిలో పండే ప్రత్తి బట్టే దీనికి మంచిది. పాలిస్టర్ అయితే నిప్పురవ్వ పడగానే కరిగి ఒంటికి అంటుకుంటుంది. లుంగీ కట్టుకొని, చెప్పులు వేసుకొని వెల్డింగ్ చేసే వీరులను మనం రోజూ రోడ్డు ప్రక్కన చూస్తాం. వాళ్ళ పాదాల మీద మచ్చలు కూడా చూడండి.

పొగ మాట చెప్పాలి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం వెల్డింగ్ పొగను క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. గదిలో తలుపులు వేసుకొని చేసే పని కాదిది. గాలి ఎటు నుండి వస్తుందో చూసుకొని, పొగ నీ ముఖం మీదికి రాకుండా ప్రక్కకు పోయేటట్టు నిలబడు. తెల్లగా మెరిసే జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్నది కాల్చితే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. పాలు త్రాగితే పోతుంది, బెల్లం తింటే పోతుంది అంటారు. పోదు. ఊపిరితిత్తులలోకి పోయినదానికి కడుపులోకి పోయిన పాలు ఏం చేస్తాయి? ఆ పూతను అతుకు చుట్టూ ముందే గీకివేసి, బయట గాలిలో చేయాలి.

అన్నిటికంటె గట్టిగా చెప్పవలసినది ఒకటుంది. మన ప్రాంతంలో ప్రతి ఇంట్లో పురుగుమందు డబ్బా, డీజిలు డ్రమ్ము ఉంటాయి. ఖాళీ డ్రమ్మును కోసి నీళ్ళ తొట్టి చేసి పెట్టమని నీ దగ్గరికి తెస్తారు. చేయకు. ఖాళీగా కనబడే డ్రమ్ములో ఆవిరి నిండి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే అది బాంబే. పురుగుమందు డబ్బా కాలితే వచ్చే పొగ విషం. ఎంత దగ్గరి చుట్టమైనా, ఎన్ని డబ్బులిస్తామన్నా చేయకు. అలాగే ప్రత్తి మండెల దగ్గర, మిర్చి కల్లం దగ్గర, గడ్డివాము దగ్గర మిషన్ ఆన్ చేయకు. రవ్వలు పది గజాలు దాటి దొర్లుకుంటూ పోతాయి. పని అయిన తరువాత అరగంట అక్కడే కూర్చో, ప్రక్కన బక్కెట్టు ఇసుక పెట్టుకొని. ప్రత్తిలో నిప్పు పైకి కనబడదు. లోపల నెమ్మదిగా రాజుకుంటుంది.

ఇప్పుడు పని. నాకు నేర్పినది వినుకొండలో రోడ్డు ప్రక్కన చిన్న షాపు పెట్టుకున్న ఒక మేస్త్రి. చదువు అయిదవ తరగతి. పని ముప్పై ఏళ్ళది. ఆయనకు నేర్పే మనస్సు ఉంది. అందుకే బెసలేలును జ్ఞాపకం చేశాను. మా ప్రార్థన మందిరం గేటు, కిటికీల గ్రిల్లు అన్నీ ఆయన చేసినవే. "బల్లల కాళ్ళు ఊడిపోతుంటే ప్రతిసారీ మీ దగ్గరికి ఏం మోసుకొస్తాం, నాకు నేర్పండి" అంటే నవ్వాడు. "అయ్యగారూ, మీ చేతులు పుస్తకం పట్టుకున్న చేతులు. అయినా రండి" అన్నాడు.

మొదటి పది రోజులు రెండు ముక్కలు అతకనివ్వలేదు. 6 మిల్లీమీటర్ల మందం ఫ్లాటు ముక్క ఒకటి ఇచ్చి, దాని మీద గీతలు పెట్టమన్నాడు, బడిలో పలక మీద దిద్దించినట్టు. 12 నంబరు రాడ్డు, అంటే 2.5 మిల్లీమీటర్లది. 70 నుండి 90 ఆంపియర్ల మధ్య పెట్టుకోమన్నాడు. 10 నంబరు రాడ్డుకైతే 90 నుండి 130 దాకా. అగ్గిపుల్ల గీసినట్టు గీయాలి. పొడిస్తే అతుక్కుపోతుంది. నాకు మొదటి రోజు ఎన్నిసార్లు అతుక్కుందో లెక్క లేదు. అతుక్కుంటే గాభరా పడి మిషన్‌ను లాగకూడదు. మణికట్టు ప్రక్కకు తిప్పి ఊడదీయాలి, రాకపోతే హోల్డర్ వదిలించాలి.

వెలిగిన తరువాత రాడ్డు చివరకు, ఇనుముకు మధ్య ఎంత ఎడం? రాడ్డు లోపలి తీగ లావెంతో అంతే. అక్కడ కొన్ని వేల డిగ్రీల వేడి పుడుతుంది, ఇనుము 1,500 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎడం ఎక్కువైతే వెలుగు ఎక్కువ, చిటపటలు ఎక్కువ, లోపలికి దిగడం తక్కువ. చప్పుడు వింటే తెలుస్తుందనేవాడు మేస్త్రి. సరిగా ఉంటే మూకుడులో మిరపకాయ బజ్జీలు వేగుతున్న చప్పుడు. ఫట్ ఫట్ అని పేలుతుంటే రాడ్డు తడిసిందనో, ఎడం పెరిగిందనో అర్థం. రాడ్డు పైన ఉన్న పూత ఊరికే లేదు. అది కాలి, గాలి తగలకుండా పొగ కప్పుతుంది, కరిగిన ఇనుము మీద పెచ్చు కడుతుంది. దాన్నే స్లాగ్ అంటారు. అటువంటి పూత పూసిన రాడ్డును 1904 ప్రాంతంలో స్వీడన్ దేశస్థుడు ఆస్కార్ షెల్‌బెర్గ్ తీసుకొచ్చాడు. అంతకు ముందు రష్యాకు చెందిన బెనార్దోస్ అనే ఆయన 1881లో బొగ్గు కడ్డీతో, 1888లో స్లావ్యానొవ్ అనే ఆయన ఇనుప కడ్డీతో ఈ పని మొదలుపెట్టారు. మేస్త్రికి ఈ పేర్లు తెలియవు. ఆయనకు తెలిసినవి నాకు తెలియవు.

"వెలుగు వంక చూడకండి అయ్యగారూ, వెనకాల నీళ్ళలాగా కరిగిందే, ఆ మడుగు చూడండి" అనేవాడు. ఈ ఒక్క మాట పట్టుబడడానికి నాకు రెండు వారాలు పట్టింది. కొత్తవాడి కన్ను మెరిసేదాని మీదికే పోతుంది. అతుకు పడేది మాత్రం మెరుపు వెనుక ఉన్న ఆ చిన్న మడుగులో. అది రెండు ముక్కల్లోనూ సమానంగా కరిగి కలిసిందా, లేక ఒకదాని మీద ఊరికే పారి ఆగిపోయిందా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఆ తరువాత అతకడం. ఒక ముక్క మీద ఇంకొకటి నిలువుగా పెట్టి ఒక ప్రక్క మాత్రమే అతికించమనేవాడు. చల్లారాక, పెచ్చు కొట్టి, బ్రష్షుతో తుడిచి చూస్తే, తాటాకు మీద అల్లిక పెట్టినట్టు ఎంత ముచ్చటగా ఉండేదో! నేను మురిసిపోయేవాణ్ణి. వెంటనే ఆ మేస్త్రి పెద్ద సుత్తి నా చేతికిచ్చి "విరగ్గొట్టండి" అనేవాడు. నాకు ప్రాణం పోయినట్టుండేది. విరిగిన చోట లోపల చూపించేవాడు. ఇదిగో ఇక్కడ బూడిద రంగు గింజలు కనబడుతున్నాయి, ఇక్కడ పట్టింది. ఇక్కడ నున్నగా ఉంది, నల్లగా స్లాగ్ ఉంది, ఇక్కడ పట్టలేదు. "నెల రోజులు మీరు చేసిన ప్రతి అతుకు విరగ్గొట్టాలి. ఆ తరువాత ఎవరి ఇంటికైనా చేయండి" అన్నాడు.

ప్రియులారా, నేను మూడు వారాలు విరగ్గొట్టాను.

మా మందిరానికి మూడు మెట్లున్నాయి. పెద్దవాళ్ళు ఎక్కడానికి ఇబ్బంది పడుతున్నారని, ప్రక్కన పట్టుకోవడానికి పైపు పెట్టాలనుకున్నాం. మేస్త్రి వచ్చి కొలతలు తీసుకున్నాడు, ఇనుము కొనిపెట్టాడు. ఇంతలో ఆయనకు ట్రక్కుల పని మీద పడింది. ఈస్టరు దగ్గర పడుతోంది. నేనే చేసేస్తానన్నాను ఆయనతో. "పైపు పలచన, క్రింద ప్లేటు మందం. జాగ్రత్త అయ్యగారూ, ఒక ముక్క చేసి విరగ్గొట్టి చూసుకోండి" అన్నాడు. సరేనన్నాను.

పైపు 2 మిల్లీమీటర్లు, ప్లేటు 8 మిల్లీమీటర్లు. కరెంటు ఎక్కువ పెడితే పైపుకు చిల్లు పడుతుందని భయపడి, 60కి తగ్గించి చేశాను. చూడడానికి చక్కగా వచ్చింది. విరగ్గొట్టి చూడడానికి మనసు రాలేదు, టైము కూడా లేదనుకున్నాను. గ్రైండరుతో నున్నగా చేసి సిల్వర్ పెయింటు వేశాను. పెయింటు వేసిన తరువాత మా మందిరానికి ఆ పైపు ఎంత అందం తెచ్చిందో! ఈస్టరు ఆదివారం అందరూ బాగుంది బాగుంది అన్నారు. సంఘ పెద్దలు అది మేస్త్రి పనే అనుకున్నారు. నేను కాదనలేదు. అప్పటికి అది వినయం అనుకున్నాను.

నాలుగు ఆదివారాలు గడిచాయి. అయిదవ ఆదివారం ఆరాధన ముగిశాక, డెబ్బై అయిదేళ్ళు దాటిన ఒక అవ్వ ఆ పైపు పట్టుకొని దిగుతోంది. రెండవ మెట్టు మీద బరువంతా దాని మీద వేసింది. పైపు పునాదితో సహా వంగి ఊడి వచ్చింది. అవ్వ ప్రక్కకు పడి కుడి చేతి మణికట్టు విరిగింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. మెట్టుకు బిగించిన ప్లేటు అలాగే ఉంది. నా అతుకు పైపుతో పాటు లేచి వచ్చింది. ప్లేటు మీద దాని ఆనవాలే లేదు, గోడకు అంటించిన మైనం ఊడినట్టు నున్నగా ఉంది.

సోమవారం సాయంత్రం తెలిసింది. ఇద్దరు పెద్దలు మేస్త్రి షాపుకు వెళ్ళి, పదిమందిలో ఆయన్ని తిట్టి వచ్చారు. "దేవుని మందిరానికి కూడా కల్తీ పని చేస్తావా" అన్నారట. ఇనుముకు ఇవ్వవలసిన బాకీ ఇవ్వమన్నారట. ఆయన ఒక్క మాట కూడా అనలేదట. ఎవరు చేశారో ఆయనకు తెలుసు. నాకు తెలుసు. మూడవ మనిషికి తెలియదు.

నేను సోమవారం రాత్రి ఏమీ చెప్పలేదు. మంగళవారం కూడా చెప్పలేదు. సంఘం ఏమనుకుంటుంది, బోధించే మనిషి మాట తేలిక అయిపోదా, అవ్వ కుమారులు ఏమంటారు, ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టి మేస్త్రికి చాటుగా డబ్బు ఇచ్చేస్తే సరిపోదా అని రకరకాలుగా ఆలోచించాను. మంగళవారం రాత్రి నిద్ర పట్టక లేచి, ఊడిన ఆ పైపును టార్చిలైటుతో చూశాను. సుత్తి నా ఇంట్లోనే ఉంది. నెల నాళ్ళ క్రితం ఒక్క దెబ్బ కొట్టి ఉంటే సరిపోయేది.

బుధవారం ఉదయం ఆ ముక్క సంచిలో వేసుకొని షాపుకు వెళ్ళాను. క్షమాపణ ఎలా మొదలు పెట్టాలో దారంతా కూడబలుక్కున్నాను. నేను నోరు తెరిచే లోపలే ఆయన "ముక్క తెచ్చారా?" అన్నాడు. ఇచ్చాను. త్రిప్పి చూశాడు. "ఎంతలో పెట్టారు?" "60లో." "పైపుకు భయపడి ప్లేటును వదిలేశారు. వేడి ప్లేటు తాగేసింది, అతుకు పైన పారింది, లోపల దిగలేదు." అంతే. తిట్టు లేదు, నిష్ఠూరం లేదు. ఆ తరువాత మాత్రం ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, నాకు పిల్లలు నేర్చుకోడానికి వస్తుంటారు. వాళ్ళ ముందు తిట్టారు. అది చూసుకోండి."

ఆ సాయంత్రం కూడికలో ఆ పైపు ముక్క బల్ల మీద పెట్టి, ఇది నేను అతికినది, మేస్త్రిది కాదు, మూడు రోజులుగా తెలిసి కూడా చెప్పలేదు అని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక సహోదరుడు లేచి వెళ్ళిపోయాడు. అతడు చాలాకాలం నాతో మాట్లాడలేదు, అతని తప్పు లేదు. మేస్త్రిని తిట్టిన పెద్దలిద్దరూ మరునాడు మధ్యాహ్నం, కుర్రవాళ్ళు షాపులో ఉన్న వేళ చూసుకొని వెళ్ళి, ఎక్కడ తిట్టారో అక్కడే నిలబడి మాట వెనుకకు తీసుకున్నారు. బాకీ కట్టారు. నేను వాళ్ళ వెంట వెళ్ళాను.

యెషయా 41వ అధ్యాయంలో పనివాళ్ళు అతుకును చూసి బాగుందని ఒకరికొకరు చెప్పుకొని మేకులు బిగించే దృశ్యం ఉంది. విగ్రహం చేసేవారి గురించిన మాట అది, వేళాకోళంగా వ్రాయబడినది. అయినా ఆ వచనం చదివినప్పుడల్లా నాకు సిల్వర్ పెయింటు వాసన వస్తుంది.

పెద్ద పెద్ద వాళ్ళకు కూడా ఇది జరిగిందని తరువాత చదివాను. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడి అనే కొత్త నూనె ఓడ, తుఫాను లేదు, అలలు లేవు, రేవులో కట్టి ఉండగానే పెద్ద చప్పుడుతో దాదాపు రెండు ముక్కలైంది. మొదట అందరూ వెల్డర్లనే తప్పుపట్టారు. తరువాతి పరిశోధనలో ఆ కాలపు ఉక్కు చలికి పెళుసుబారుతుందనీ, అతుకు దగ్గర మొదలైన చిన్న పగులు, రేకులన్నీ ఒక్కటిగా అతికి ఉన్నందున ఎక్కడా ఆగకుండా పరుగెత్తిందనీ తెలిసింది. రివిట్లు కొట్టిన పాత ఓడల్లోనైతే పగులు ఒక రేకు అంచు దగ్గర ఆగే అవకాశం ఉండేది. ఈ రోజుల్లో గల్ఫ్ దేశాలకు వెళ్ళే మన కుర్రవాళ్ళను ఏటవాలుగా బిగించిన పైపు మీద అతుకు వేయించి, దానికి ఎక్స్‌రే తీసి చూస్తారు. పై అందం చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. బాబూ, నీకు అటువంటి కోరిక ఉంటే ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడు ఏడాది కోర్సు ఉంది, ఎనిమిదవ తరగతి పాసైతే చాలు. ఇంటర్ తప్పావని ఆ తలుపు మూయబడలేదు. వేపచెట్టు క్రింద నేర్చుకో, కాని అక్కడితో ఆగిపోకు. ఏజెంటు చేతిలో లక్షలు పోయకు, ముందు చేతిలో సర్టిఫికేటు పెట్టుకో.

ఆ పైపు మళ్ళీ చేశాం. ఈసారి మేస్త్రి కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, పని నాతోనే చేయించాడు. ప్లేటును గ్రైండరుతో తెల్లగా మెరిసేదాకా గీయించాడు. కరెంటు 90కి పెట్టించాడు. రాడ్డు మొన మూడు వంతుల్లో రెండు వంతులు ప్లేటు మీద ఉంచి, ఒక వంతు మాత్రం పైపు మీదికి తేవాలన్నాడు. మందంగా ఉన్నదానికే వేడి ఎక్కువ కావాలి. పలచనిది అంచుతోనే కరుగుతుంది. ముందు మూడు నమూనా ముక్కలు చేయించి, మూడూ విరగ్గొట్టమన్నాడు. మొదటిది విరిగింది. రెండవది సగం విరిగింది. మూడవదానికి పైపు వంగిపోయింది గాని అతుకు కదలలేదు. అప్పుడు అసలుది చేయమన్నాడు. నాలుగు ప్రక్కలా త్రికోణపు ముక్కలు కూడా పెట్టించాడు. పెయింటు వేయడానికి వీలు లేదన్నాడు, ఒక నెల అయ్యాక వేయమన్నాడు.

అవ్వ చేతికి ఆరు వారాలు కట్టు ఉంది. కట్టు విప్పిన తరువాతి ఆదివారం మనవరాలి భుజం పట్టుకొని వచ్చింది. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. క్షమాపణ ఆసుపత్రిలోనే చెప్పుకున్నాను గనుక ఇప్పుడు ఏమనాలో తోచలేదు. ఆమె నా వంక చూడలేదు. మనవరాలి భుజం వదిలి, ఎడమ చేత్తో ఆ పైపు పట్టుకొని, చింతకొమ్మ దులిపినట్టు రెండు మూడుసార్లు గట్టిగా ఊపింది. కదలలేదు. "సరే" అని ఎక్కింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఎక్కే ముందు ఊపి చూస్తుంది. ఆమెను చూసి మిగతా ముసలివాళ్ళు కూడా మొదలుపెట్టారు.